సలాడ్‌లో నూనె వేసుకుంటే కొలెస్ట్రాల్ పెరుగుతుందా?

ప్రశ్న: మాది కర్నూలు. అమ్మాయి ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నా వయసు 52. షుగర్, బీపీ మాత్రలు వాడుతున్నాను. రాత్రిపూట సలాడ్ తినమన్నారు. చప్పగా తినలేక, అమ్మాయి తెచ్చిన డ్రెస్సింగ్ సీసాలోది కలుపుకుంటున్నాను. అది మంచిదేనా? ఇంట్లో చేసుకుందామంటే నూనెతో కొలెస్ట్రాల్ పెరుగుతుందేమోనని భయం.

జవాబు: ముందు ఆ సీసా వెనక లేబుల్ చదవండి అమ్మా. బరువులో ఎక్కువ ఉన్న పదార్థం పేరు ముందు రాస్తారు. మొదటి మూడు నాలుగు పేర్లలోనే చక్కెర ఉంటే అది మీకు వద్దు. సోడియం కూడా చూడండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన పచ్చళ్లు, చారుతోనే అందులో చాలా భాగం అయిపోతుంది.

నూనె గురించి అంత టెన్షన్ వద్దు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, ఆలివ్ నూనె, వీటిలో కొలెస్ట్రాల్ ఉండదు. పైగా క్యారెట్, పాలకూరల్లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ‘ఎ’గా మారేది) కాస్త నూనె తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఇబ్బందల్లా కొలత లేకుండా వంపేయడంతోనే. ఒక టీస్పూన్ నూనెలో సుమారు 40 కేలరీలుంటాయి.

ఇంట్లో చేసుకునే డ్రెస్సింగ్ సంగతికొస్తే, ఫ్రెంచి వాళ్లు సలాడ్‌లో కలుపుకునే వినైగ్రెట్ అనే డ్రెస్సింగ్‌లో వెనిగర్ ఒక వంతైతే నూనె మూడు వంతులు. మీరు రెండు వంతులే వేసుకోండి, మన నోటికి ఆ పులుపు బాగానే ఉంటుంది. మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసాలో రెండు టీస్పూన్ల వెనిగర్ పోసి, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి వేసి ముందు కరగనివ్వండి. ఉప్పు నూనెలో కరగదు, అందుకే ఈ వరస. తర్వాత పావు టీస్పూన్ ఆవపిండి, నాలుగు టీస్పూన్ల నూనె వేసి మూత పెట్టి అర నిమిషం బాగా గిలకొట్టండి. విడివిడిగా తేలుతున్న నూనె, వెనిగర్ కలిసిపోయి పల్చని మజ్జిగలా చిక్కబడతాయి. ఆ రెండింటినీ కాసేపు విడిపోకుండా పట్టి ఉంచేది ఆవపిండే. ఆవకాయకు కొట్టుకున్న పిండి మిగిలి ఉంటే అదే చాలు, వేరే కొనక్కర్లేదు. ఇది నలుగురికి సరిపోతుంది.

వెనిగర్ వాసన పడకపోతే నిమ్మరసం వాడండి. అక్కడ దొరికే కోసంబరి కూడా మీకు మంచి సలాడే. మన శ్రీరామనవమి వడపప్పుకు దగ్గర చుట్టం. పెసరపప్పు వల్ల ప్రోటీన్ కూడా వస్తుంది.

కడుపులో మంట, పుల్లటి తేన్పులు ఉంటే పులుపు తగ్గించండి. వెనిగర్ షుగర్‌కు మంచిదని విని ఉత్తదే తాగడం, మాత్రలు మానేయడం మాత్రం వద్దు. ఉత్త వెనిగర్ పళ్ల ఎనామిల్‌ను తినేస్తుంది. పచ్చి వెల్లుల్లి వేస్తే ఏ పూటది ఆ పూటే వాడేయండి. నూనెలో నానిన వెల్లుల్లిని బయట ఉంచితే ప్రాణాంతకమైన బోటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది.