బ్రౌన్ రాతప్రతులన్నీ కడపలోనే ఉన్నాయా?

లేవు, కడప సి.పి. బ్రౌన్ గ్రంథాలయం పేరు తెలుగు నిఘంటువు కూర్చిన ఆంగ్లేయ అధికారి బ్రౌన్‌దే అయినా, ఆయన పోగుచేసిన రాతప్రతుల్లో ఎక్కువ భాగం చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని ప్రతులు రాయించిన బ్రౌన్, బతికుండగానే తన సేకరణను మద్రాసులోని సాహిత్య సంఘానికి ఇచ్చేశాడు. అక్కడి నుంచి అవి ప్రభుత్వ గ్రంథాలయానికి చేరాయి.

ఆ ప్రతులు ఎందుకంత విలువైనవో వేమన పద్యాలు చూస్తే తెలుస్తుంది. ఒకే పద్యం ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉండేది. వాటిని పక్కపక్కన పెట్టి, తేడాలు పట్టి, 1829లో అచ్చు వేయించాడు. ఆ పాఠాంతరాలన్నీ అచ్చు పుస్తకంలో కనిపించవు.

అవన్నీ కడపలోనే ఉన్నాయనుకునే పొరపాటు గ్రంథాలయం పేరు దగ్గరే వస్తోంది. బ్రౌన్ 1884లో కన్నుమూశాడు. ఆయన బంగళా ఉన్న చోట గ్రంథాలయం వెలసింది వందేళ్లు దాటాక. ఇక్కడా తాళపత్రాలున్నాయి, తప్పక చూడాల్సినవే, కానీ అవి తర్వాత సేకరించినవి.