కొత్త ఇంట్లో పసిపిల్లతో తొలి నెలలు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరు రాజమహేంద్రవరం ఇల్లు వదిలి వెళ్లి, హైదరాబాదు మియాపూర్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో పాలు పొంగించుకున్నారని విని చాలా సంతోషించాను. అయితే మొన్న ఫోనులో నీ గొంతు విన్న తరువాత, కొన్ని సంగతులు తీరిగ్గా రాసి పంపడమే మంచిదనిపించింది. రాజమహేంద్రవరంలో ఇల్లంతా పరుగులు పెట్టిన ఏడాదిన్నర పిల్ల హైదరాబాదు వచ్చాక నీ చంక దిగడం లేదనీ, ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తోందనీ, అర్ధరాత్రి లేచి ఏడుస్తోందనీ చెప్పావు. ఎలాగూ ఇల్లు మారాం కాబట్టి పనిలో పనిగా పాలు మాన్పించి, విడిగా గదిలో పడుకోబెట్టడం అలవాటు చేసి, వచ్చే సోమవారం నుంచి క్రెష్‌లో చేర్చేస్తామనీ చెప్పావు. నా బెంగంతా ఈ రెండో మాట గురించే.

ఇల్లు మారడం ఒక్కటే ఆ పసిదానికి ప్రస్తుతానికి చాలినంత మార్పు. సొంత ఇంటి కోసం మీరిద్దరూ ఏళ్ల తరబడి ఎదురుచూశారు గనుక ఆ గోడలు మీకు అప్పుడే మీవైపోయాయి. దానికి మాత్రం తెలిసిన లోకమంతా ఒక్క రోజులో కనబడకుండా పోయింది. పొద్దున్నే ఎత్తుకుని పెరట్లో తిప్పే నాయనమ్మ లేదు, మధ్యాహ్నం పడుకునే వసారా లేదు, గోడ మీద రోజూ చూసే బల్లి కూడా లేదు. అవన్నీ ఎక్కడికి పోయాయని అడగడానికి దానికి మాటలు రావు. అందుకే మిగిలి ఉన్న ఒక్క పాత తోడును, అంటే నిన్ను, వదలకుండా పట్టుకుంటోంది. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్లూ ఊరు మారి వచ్చిన పిల్లలను ఎందరినో చూశాను. చక్కగా నడిచే పిల్లలు ఎత్తుకోమని మారాం చేయడం, ఎప్పుడో మానేసిన బొటనవేలు మళ్లీ నోట్లో పెట్టుకోవడం మామూలే. ఇంట్లో మిగతా విషయాలన్నీ ఎప్పటిలాగే నడిస్తే కొన్ని వారాల్లో అవి వాటంతట అవే తగ్గేవి. ఒకేసారి మూడు నాలుగు మార్పులు తెచ్చిపెట్టిన ఇళ్లలో మాత్రం నెలలకొద్దీ సాగేవి.

కాబట్టి ఇల్లు కొత్తదైనా మిగిలినవన్నీ పాతవిగానే ఉండనివ్వు. తల్లిపాలు రెండేళ్ల వరకూ, ఆ పైన కూడా ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది గనుక ఇప్పుడే మాన్పించాల్సిన తొందరేమీ లేదు. విడిగా పడుకోబెట్టడం, పాటీ సీటు మీద కూర్చోబెట్టడం నేర్పడం వంటివి కూడా పాప మళ్లీ నవ్వుతూ ఇల్లంతా తిరిగే వరకూ పక్కన పెట్టు. సెలవు దొరక్క క్రెష్‌లో చేర్చక తప్పదంటే మొదటి కొన్ని రోజులు నీవో అల్లుడుగారో పక్కనే కూర్చుని, ఒక గంట ఉంచి తీసుకొచ్చేయండి. అక్కడి ఆయమ్మ చేతి ముద్ద తినే దాకా ఆ సమయాన్ని మెల్లమెల్లగా పెంచండి. దిగబెట్టేటప్పుడు మాత్రం కన్నుగప్పి వెళ్లిపోకు, ఎంత ఏడ్చినా సరే. వెళ్లి వస్తానని చెప్పి వెళ్లు, చెప్పిన వేళకు తిరిగి వెళ్లు. చెప్పకుండా మాయమైన తల్లి కోసం పిల్లలు ఆ తరువాత ఇంట్లో కూడా కాపలా కాస్తూనే ఉంటారు, నీవు స్నానానికి వెళ్లినా తలుపు బాదుతారు.

పాప పాత బొంతను మురికిగా ఉందని ఉతికించి దాచేశానన్నావు. దాన్ని బయటికి తియ్యి. ఇక ముందు ఉతికినా కొత్త సబ్బుతో కాకుండా అక్కడ వాడిన సబ్బుతోనే ఉతుకు. పసివాళ్లకు ఇల్లంటే ముందుగా వాసనే. పాత స్టీలు గిన్నె, పాత చాప, చెవి చిరిగిన కుందేలు బొమ్మ దాని కళ్లెదుటే ఉండాలి. హాలులో ఒక మూల వాటిని పేర్చి, రోజూ అక్కడే కూర్చోబెట్టి తినిపించు. ఇంకా విప్పని అట్టపెట్టెలు ఎన్ని ఉన్నా ఫర్వాలేదు, ఆ మూల మాత్రం ముందు సర్దు.

నిద్రా తిండీ గురించి. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఇంటికి వచ్చే చుట్టాల కోసం, కర్టెన్ల వాళ్ల కోసం మధ్యాహ్నపు నిద్రను చెడగొడితే ఆ అలసటంతా అర్ధరాత్రి ఏడుపుగా బయటపడుతుంది. గడియారం అటూ ఇటూ అయినా వరుస మారకూడదు: స్నానం, అన్నం, దీపం తగ్గించడం, నీ జోలపాట, అదే క్రమంలో ప్రతి రాత్రీ. అన్నం ఉమ్మేస్తుంటే కొత్త రుచులు చూపించకుండా, అక్కడ ఇష్టంగా తిన్న పెసరపప్పు అన్నం, నెయ్యి, పెరుగన్నమే పెట్టు. రెండు ముద్దలు తిని మొహం తిప్పుకుంటే గిన్నె తీసెయ్యి, కాసేపయ్యాక మళ్లీ పెట్టవచ్చు. ఫోనులో బొమ్మలు చూపిస్తూ తినిపించే అలవాటు మాత్రం ఈ కష్టకాలంలో మొదలుపెట్టకు, తరువాత మాన్పించడం చాలా కష్టం. నాయనమ్మతో వీడియో కాల్ సంగతి వేరు. అది తెలిసిన మనిషి మొహం, తెలిసిన గొంతు, రోజూ మాట్లాడించు.

ఇక ఇంటి సంగతి. పిల్ల చంక దిగాలంటే, దిగిన చోటల్లా "వద్దు, ముట్టుకోకు" అనే మాట వినబడకూడదు. అందుకు ఒకే మార్గం, అది నిర్భయంగా తిరగగలిగేలా ఇంటిని సిద్ధం చేయడం. మీరిద్దరూ ఒక ఆదివారం పూట మోకాళ్ల మీద కూర్చుని గది గదీ తిరగండి. నిలబడి చూసినప్పుడు కనబడని తీగలు, మేకులు, రాళ్ల అంచులు అప్పుడు కనబడతాయి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేవి తలుపులు. ఏడో అంతస్తులో బాల్కనీ తలుపు, ముఖద్వారం రెండూ తెరిచి ఉంటే గాలి ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టి, తలుపు ఒక్కసారిగా మూసుకుంటుంది. పసివేళ్లు ఎక్కువగా నలిగేది గడియ వైపు కాదు, బందుల వైపు సందులో. ప్రతి తలుపుకూ కింద రబ్బరు అడ్డు పెట్టించండి. బాత్రూముకూ పడకగదికీ లోపల అందేంత ఎత్తులో ఉన్న గడియలు తీయించి పైకి బిగించండి, లేకపోతే ఏదో ఒక రోజు పాప లోపల గడియ వేసుకుని తీయడం రాక ఏడుస్తుంది, మీరు బయట నిలబడి తలుపు పగలగొట్టాల్సి వస్తుంది. మీ ముఖద్వారానికి తలుపు లాగితే దానంతట అదే పడే తాళం ఉందని చెప్పావు. పాలప్యాకెట్టు అందుకోవడానికి నీవు గడప దాటినప్పుడు గాలికి తలుపు పడితే, పొయ్యి మీద గిన్నె, లోపల పిల్ల, బయట నీవు. తాళంచెవి ఎప్పుడూ నీ కొంగునో జేబులోనో ఉండాలి, ఇంకొకటి నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర ఉంచాలి. పక్కింటివాళ్లతో పరిచయం పెంచుకోవడం కూడా ఈ వారంలోనే జరగవలసిన పని.

బాల్కనీ కటకటాల మధ్య సందు నాలుగు అంగుళాలకు మించి ఉంటే వల గానీ, సన్నని స్టీలు తీగల ఇన్విజిబుల్ గ్రిల్ గానీ వేయించండి. కటకటాలు అడ్డంగా ఉంటే పిల్లలకు అవి నిచ్చెన మెట్లే. కుర్చీ, పూలకుండీ, వాషింగ్ మెషీను ఏదీ ఆ గోడకు దగ్గరగా ఉండకూడదు. బాత్రూములో బకెట్టు నిండా నీళ్లు పట్టి ఉంచే మన పాత అలవాటు ఇక మానుకో. రెండంగుళాల నీరున్నా తలకిందులుగా పడిన పసిబిడ్డ తనంతట తాను లేవలేదు. గీజరు వేడిని 50 డిగ్రీలకు తగ్గించమను, 60 డిగ్రీల నీరు 5 సెకన్లలోనే ఒళ్లు కాల్చేస్తుంది. స్నానానికి బకెట్టులో ముందుగా చన్నీళ్లు పోసి, ఆ తరువాతే వేడినీళ్లు కలుపు. అల్లుడుగారిని మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే షాకు తగిలితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్, ఉందో లేదో చూడమను, దాని టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి. నిలువు బీరువాను, టీవీ బల్లను గోడకు బిగించాలి. రిమోట్లలోనూ బొమ్మల్లోనూ ఉండే బిళ్ల బ్యాటరీల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచు, అవి గొంతులో చిక్కుకుంటే రెండు గంటల్లోనే లోపలంతా కాలిపోతుంది. మింగిందన్న అనుమానం వచ్చినా వెంటనే 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. ఫినాయిల్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచవద్దు. వేరుశనగ గుళ్లు, సీతాఫలం గింజలు దానికి అందనివ్వకు.

నీళ్ల మార్పు వల్ల విరేచనాలు పడితే బెదరవద్దు. లీటరు నీళ్లకు సరిపడే పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించు, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపు. పాలు ఆపకు. డాక్టరు 14 రోజులకు జింకు రాస్తే, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యి. పిల్ల నీరసంగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా, రక్తం పడినా ఇంట్లో చూసుకోవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లు.

టీకాల కార్డు ఏ పెట్టెలో ఉందో ఈ రోజే వెతుకు. 16 నుంచి 24 నెలల మధ్య మీజిల్స్-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టరు, పోలియో బూస్టరు, విటమిన్ ఏ వేయించాలి. ఆ కార్డు చూపిస్తే మీ దగ్గరలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు.

గృహప్రవేశానికి రాలేకపోయిన బంధువులు ఇప్పుడు ఒక్కొక్కరుగా వస్తారు. పాప వెళ్లనంటే ఎవరి చేతికీ బలవంతంగా ఇవ్వకు, "ఇంకా అలవాటు పడలేదండీ" అంటే అర్థం చేసుకోగలవారే అందరూ. మీ అత్తగారిని ఒక నెల రోజులు వచ్చి ఉండమని నీవే అడుగు. ఆవిడ పిలుపు కోసమే చూస్తున్నారని నాకు తెలుసు. ఆవిడ ఉండగా క్రెష్ మాట వచ్చే నెలకు వాయిదా వేయడం కూడా సులువవుతుంది. ఆ విషయం ఏమైందో, రాత్రి ఎన్నింటికి పడుకుంటోందో, వారం పదిరోజుల్లో నాకు రాయి.

అల్లుడుగారికి, పాపకు నా ఆశీస్సులు.

ఇట్లు,
పెద్దమ్మ