చేప కళ్ళు తెరుస్తుందా?

సందేహం: ముత్తుకూరు దగ్గర పండుగప్ప హేచరీలో పనిచేస్తాను. గుడ్డు పగిలి వచ్చిన పిల్లకు కళ్ళున్నట్టే కనపడదు. రెండు రోజులయ్యేసరికి నల్లపూసల్లా తేలతాయి. ‘పిల్లలు కళ్ళు తెరిచాయి’ అంటాం. రికార్డులో అలాగే రాస్తే మా సూపర్‌వైజరు ‘చేపకు రెప్పలేవయ్యా, తెరవడానికి?’ అని కొట్టేశాడు. ఏది ఒప్పు? (నెల్లూరు జిల్లా పాఠకుడు)

సమాధానం: రెప్పల సంగతి ‘అమరకోశం’ అనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు ఎప్పుడో చూశాడు. ‘సురమత్స్యావనిమిషౌ’ అన్నాడు. అనిమిషమంటే రెప్ప వేయనిది. దేవతలూ అనిమిషులే, చేపలూ అనిమిషాలే. అంతవరకు మీ సూపర్‌వైజరు మాట సబబే.

అయితే తెలుగు కన్నుకు రెప్ప ఉండి తీరాలా? చెరకుగడకు గణుపు గణుపునా కన్నుంది, రెప్ప ఏదీ? అసలు ‘కను’ అన్న మాటే తమాషా. ‘ఆమె కన్నది’ అంటే చూసిందో, ప్రసవించిందో సందర్భం చెప్పాలి. తమిళంలో చూడడానికి ‘కాణ్’, దూడకు ‘కన్ఱు’. వేర్లు రెండు, తెలుగులోకొచ్చి ఒకే రూపమెత్తాయి. వేరు ధాతువులే అంటారు పండితులు, నేనూ కాదనను. కానీ పుట్టడాన్నీ చూడడాన్నీ ఒక్క మాటలో ఇముడ్చుకున్న జాతి ‘కళ్ళు తెరిచాయి’ అంటే తప్పెలా పడతాం? ‘గుడ్డు’ చూడండి. చేప పెట్టేదీ గుడ్డే, కంట్లో ఉండేదీ గుడ్డే. మీ పండుగప్ప పిల్ల ఒక గుడ్డు వదిలొచ్చి రెండో గుడ్డు నల్లబడేదాకా ఆగుతోంది!

ఇంత సొమ్ము ఇంట్లో పెట్టుకుని టీవీల్లో ‘ఆవు దూడకు జన్మనిచ్చింది’ అంటున్నారు. ఆవు ఈనుతుంది నాయనా.

కళ్ళు నల్లబడగానే చూపు పూర్తయినట్టు కాదు. చాలా సముద్రపు చేపపిల్లలకు మొదట వెలుతురులో చూసే శంకు కణాలే ఉంటాయి, మసకచూపు దండ కణాలు తర్వాత చేరతాయి. నీటి కదలికను పట్టే సన్నని బుడిపెలూ అంతే. మొదట చర్మం మీదే ఉండి, కొన్ని పోనుపోను సన్నని కాలువల్లోకి దిగి, చేప ఒంటి పక్కన పొడుగునా సాగే పార్శ్వరేఖలో కలుస్తాయి. పాఠ్యపుస్తకాలు దీన్ని ‘జ్ఞానేంద్రియాల అభివృద్ధి’ అని ముగించేస్తాయి. ‘ఒళ్ళు తెలియడం’ అన్న మన పలుకుబడి ఇక్కడ అతికినట్టు సరిపోదూ?

తీర్పంటారా, తొట్టి దగ్గర ‘తెరిచాయి’ అనుకోండి. రికార్డులో ‘కళ్ళు నలుపెక్కాయి’ అని రాస్తే ఆయనకూ పేచీ ఉండకపోవచ్చు. మీ ఉత్తరంలో ‘తేలతాయి’ అన్నారు చూశారా, అది మాత్రం రాయకండి. కళ్ళు తేలేసేది పోయే చేప.