ఖాళీ ఉన్నా చోటు దొరకదెందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ, నల్లగొండలో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. ఫ్లెక్స్‌గ్రిడ్ ఆప్టికల్ నెట్‌వర్క్ (ఫైబర్‌లో కాంతి ఫ్రీక్వెన్సీలను చిన్న చిన్న స్లాట్లుగా చేసి, ఎవరికి కావలసినన్ని వాళ్లకు పంచే పద్ధతి) మీద ప్రాజెక్ట్ చేస్తున్నాం. సిమ్యులేషన్‌లో సగానికి దగ్గర స్లాట్లు ఖాళీగా ఉన్నా కొత్త కనెక్షన్లు బ్లాక్ అవుతున్నాయి. కోడ్ తప్పా? డీఫ్రాగ్మెంటేషన్ (ఉన్న కనెక్షన్లను జరిపి ఖాళీలను ఒక్కచోట చేర్చడం) తరచూ నడిపిస్తే సరిపోతుందా? రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని

జవాబు: కోడ్ తప్పని అప్పుడే అనుకోకమ్మా. వడ్ల కొనుగోలు కేంద్రంలో చూసే ఉంటావు, కుప్పల మధ్య అక్కడింత ఇక్కడింత జాగా మిగిలే ఉంటుంది, కానీ ట్రాక్టర్ లోడు ఒక్కచోట పోయాలంటే చోటుండదు. మీ స్లాట్ల సంగతీ అదే. పాత పద్ధతిలో అందరికీ 50 గిగాహెర్ట్జ్ గడి ఒక్కటే కొలత కాబట్టి ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరికి సరిగ్గా పట్టేది. ఇప్పుడు 12.5 గిగాహెర్ట్జ్ ముక్కలు, అంటే స్లాట్లు, ఎవరికి కావలసినన్ని వాళ్లు పక్కపక్కన తీసుకుంటారు, వదిలిపోయినప్పుడు తలో సైజు ఖాళీ మిగులుతుంది.

కాగితం మీద 16 గళ్లు గియ్యి. 4-5, 8-10, 15-16 ఖాళీ, అంటే మొత్తం 7. నాలుగు స్లాట్లు అడిగితే ఇవ్వలేం, ఎందుకంటే పెద్ద ఖాళీ 3 మాత్రమే. ఇప్పుడు 6-7లో ఉన్న కనెక్షన్‌ను 4-5లోకి జరిపితే 6 నుంచి 10 దాకా ఒకటే ఖాళీ, అడిగినవాళ్లకు ఇచ్చాక ఇంకొకటి మిగులుతుంది కూడా. ఈ జరపడాన్ని పుష్-పుల్ అంటారు: ట్రాన్స్‌మిటర్ లేజర్‌ను మెల్లగా జరుపుతుంటే అవతల రిసీవర్ వెంటే వస్తుంది, డేటా ఆగదు. కాకపోతే దారిలో ఇంకో కనెక్షన్ అడ్డుంటే దాన్ని దాటి పోలేదు.

అసలు చిక్కు ఒక్క లింక్‌లో, అంటే రెండు ఊళ్ల మధ్య ఫైబర్‌లో, కాదు. నల్లగొండ నుంచి హైదరాబాద్ మీదుగా మహబూబ్‌నగర్‌కు కనెక్షన్ అనుకో, మధ్యలో ఫ్రీక్వెన్సీ మార్చే ఏర్పాటు లేకపోతే రెండు లింకుల్లోనూ అవే నంబర్ల స్లాట్లు ఖాళీగా ఉండాలి. జరిపేటప్పుడూ ఇదే షరతు. అందుకని బ్లాక్ అయిన ప్రతిసారీ, ఆ దారిలోని లింకులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఖాళీల్లో పెద్దది ఎంతో ప్రింట్ చేసి చూడు. అడిగినదానికంటే అది చిన్నదైతే కోడ్ సరిగ్గానే ఉన్నట్టు, అంతకు సరిపడా ఉన్నా బ్లాక్ అయితే అప్పుడు తప్పు వెతుక్కోవాలి. గార్డ్ బ్యాండ్ స్లాట్‌ను (పక్కపక్క కనెక్షన్లు ఒకదాన్నొకటి తగలకుండా మధ్యలో వదిలేది) లెక్కలో కలిపారో లేదో కూడా చూసుకో, అక్కడే చాలామంది పొరబడతారు.

డీఫ్రాగ్మెంటేషన్ తరచూ నడిపించడం మాత్రం నాకు నచ్చదు. నడుస్తున్న కనెక్షన్‌ను కదిపిన ప్రతిసారీ ఎంతో కొంత రిస్కే. ముందు కేటాయింపు దగ్గరే జాగ్రత్తపడండి, ఫస్ట్-ఫిట్‌తో కింది నంబర్ల నుంచి నింపుకుంటూ వస్తే పైన పెద్ద ఖాళీ చాలాసేపు మిగులుతుంది. అయినా బ్లాక్ అయితే అప్పుడు, ఆ అడిగినదానికి చోటు చేయడానికి ఎన్ని తక్కువ కదిపితే అయిపోతుందో అన్నే కదపండి. రివ్యూలో బ్లాకింగ్ గ్రాఫ్ పక్కనే ఎన్ని కనెక్షన్లు కదిపారో చెప్పే గ్రాఫ్ కూడా పెట్టండి, నేనైతే మొదట అదే అడుగుతాను.