ముఖం ఎన్నిసార్లు కడిగినా పొట్టు లేస్తోంది, ఎందుకు?

ప్రశ్న: నా వయసు 27. చర్మ జబ్బులేవీ లేవు. దుమ్ములో తిరిగే ఉద్యోగం కాబట్టి రోజుకు నాలుగైదుసార్లు యాంటీసెప్టిక్ సబ్బుతో ముఖం కడుగుతాను. అయినా చెంపలు బిగుసుకుపోయి పొట్టు లేస్తోంది, నుదురు మాత్రం జిడ్డే. బ్యాక్టీరియా ఇంకా పోలేదా? పెరుగు రాస్తే మంచి బ్యాక్టీరియా పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పోదు, పోకూడదు కూడా. నుదురు, ముక్కు పక్కల జిడ్డు ఊరేచోట ‘క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్’ కాపురం. ఇదో బ్యాక్టీరియా. పేరులో ‘ఆక్నె’ (మొటిమలు) ఉందని కంగారుపడకండి, మొటిమ ఒక్కటీ లేనివాళ్ల ముఖం మీదా అది దండిగా ఉంటుంది. జిడ్డును విడగొట్టి కొవ్వు ఆమ్లాలు చేస్తుంది. చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5 దగ్గర ఉండటంలో వాటికీ వాటా ఉంది. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే మరో బ్యాక్టీరియా ఒళ్లంతా ఉంటుంది. చర్మంలో తేమను పట్టి ఉంచే కొవ్వులైన సెరమైడ్ల తయారీకి అది సాయపడుతుందని ఎలుకలపై ప్రయోగాల్లో తేలింది.

మామూలు సబ్బు నురగ పీహెచ్ 9–10. కడిగాక చర్మం మళ్లీ ఆమ్లస్థితికి రావడానికి గంటలు పడుతుంది. ఈలోపే మీరు ఇంకోసారి కడిగేస్తున్నారు. పీహెచ్ పెరిగితే పొట్టు రాల్చే ఎంజైములు జోరందుకుంటాయి, సెరమైడ్లు చేసేవి మందగిస్తాయి. మీ చెంపల మీద జరుగుతున్నది ఇదే. అలా పగిలిన చర్మం మీద, చీము పట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్‌కు చోటు దొరకడం సులువు. క్రిములు చావాలని చేసే పని వాటికే దారి తీస్తోందన్నమాట! నుదుటి జిడ్డంటారా, అది గ్రంథులు, హార్మోన్ల లెక్క, సబ్బుతో తగ్గదు.

సబ్బు కాని, పీహెచ్ 5.5 ఉన్న క్లెన్సర్ బఠాణీ గింజంత చాలు. పొద్దున, రాత్రి మాత్రమే. మధ్యలో దుమ్ము పడితే ఉత్త నీళ్లు, వేడినీళ్లు వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్ చెంపలకు రాయండి, నుదుటికి పలచగా చాలు. సబ్బు అవసరం చంకలు, గజ్జలు, పాదాలకే. చెమట వాసన పుట్టేది అక్కడి బ్యాక్టీరియా వల్లే. రెండు నుంచి నాలుగు వారాలు చూడండి.

పెరుగు వంటింట్లోనే ఉంచండి. అందులోని బ్యాక్టీరియా చర్మం మీద స్థిరపడదు. కాస్త నునుపు కనిపిస్తే అది లాక్టిక్ ఆమ్లం చలవ.

నాలుగు వారాలకూ తగ్గకపోయినా, ఈలోపే ఎర్రబడి దురద, రసి, పసుపు పక్కు కనిపించినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. మందుల షాపులో స్టిరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిపిన ట్యూబు ఇస్తే మాత్రం ముఖానికి రాయకండి: స్టిరాయిడ్‌తో చర్మం పలచబడి, మానేయగానే మంట, మొటిమలు తిరగబెడతాయి.