మొక్కల కంటే ముందు రికార్డులు

ప్రశ్న: మా ప్రాంతంలోని గుట్టలను, మేత భూములను కాపాడే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ బాధ్యతను నాకు అప్పగించారు. మొక్కలు నాటించడంతో మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందుగా అడంగల్ (గ్రామంలోని భూముల వివరాలుండే రెవెన్యూ రికార్డు) చూడండి. మీకు దగ్గరలోనే, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో, 1990లో 32 ఎకరాల బీడు భూమితో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, తరువాత చుట్టుపక్కల గ్రామాలవారితో కలిసి కల్పవల్లి గుట్టలపై వేల ఎకరాల్లో అడవిని తిరిగి నిలబెట్టింది. అక్కడ నాటడం కంటే, నిప్పు అంటుకోకుండా, చెట్లు నరకకుండా కాపలా కాసి, నేలలో మిగిలిన వేళ్ల నుంచి వచ్చే చిగుళ్లను బతకనివ్వడమే ఎక్కువ ఫలితమిచ్చింది. అయితే ఆ గుట్టలు రికార్డుల్లో ప్రభుత్వ బంజరుగానే ఉండడం వల్ల, గాలిమరలు, వాటికోసం వెడల్పాటి రోడ్లు వచ్చినప్పుడు గ్రామస్థుల ఏళ్ల శ్రమకు చట్టపరమైన అండ కరువైంది. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

అందువల్ల సర్వే నంబర్లవారీగా భూమి వర్గీకరణను తెలుసుకుని, గ్రామసభ తీర్మానం రాయించండి. గొర్రెల కాపరులను కమిటీలోకి తీసుకోండి (వారిని సాధారణంగా చివర్న పిలుస్తారు, అది పొరపాటు). ఏ గుట్టను ఎన్ని నెలలు మేతకు మూసి ఉంచాలో వారితోనే నిర్ణయింపజేయండి. కాపలాదారు జీతానికి ఏటా నిధి దొరకకపోతే విస్తీర్ణం తగ్గించుకోండి.