ఉద్యోగం మారబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి నీ సంగతంతా చెప్పాడు. వాడి గొంతులో అంత సంతోషం విని చాలా కాలమైంది. కంపెనీ మారుతున్నావనీ, 14 లక్షల ఆఫరు చేతికి వచ్చిందనీ, అయినా దాన్ని పక్కన పెట్టి 22 లక్షల ఉద్యోగం కోసం చూస్తున్నావనీ చెప్పాడు. నాకు గర్వంగా ఉంది తల్లీ. సూర్యాపేట నుంచి వచ్చి, హైదరాబాద్ కొండాపూర్ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకుని, రాత్రి షిఫ్టులు చేసి ఇంతదాకా వచ్చావు. ఎవరి సిఫారసూ లేదు.

కాని మాటల్లో మాటగా వాడన్న ఇంకో సంగతి నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. అమీర్‌పేటలో ఎవరో కన్సల్టెంటు నీ రెజ్యూమెలో టెస్టింగ్ తీసేసి మూడేళ్ల డెవాప్స్, అంటే సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీద నడిపించే పని, అనుభవం పెడతాడట. ఇంటర్వ్యూ జరుగుతుంటే వెనక నుంచి జవాబులు కూడా అందిస్తాడట. "అందరూ అలాగే చేస్తున్నారట కదక్కా" అని మీ నాన్న అమాయకంగా అడిగాడు. వాడికి తెలియదు. నీకు తెలియాలి. ఫోనులో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు మామూలు విషయాలు చెప్పేస్తాను. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత మెయిలు నుంచి వచ్చాకే రాజీనామా పెట్టు, నోటి మాట నమ్మి ఎవరూ ఉద్యోగం మానకూడదు. డబ్బు కట్టించుకుని ఇస్తామనే ఉద్యోగం జోలికి పోకు. పేస్లిప్పులు, ఫారం 16లు, జీతం పెంచిన లేఖలు చివరి రోజు రాకముందే దాచుకో. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే, ఏడాదిలోపు మానితే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చదువు. పీఎఫ్ డబ్బు తీసి ఖర్చు పెట్టుకోకు, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకో. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే దాని మీద పన్ను పడుతుంది, పింఛనుకు కావాల్సిన పదేళ్ల లెక్కా తెగిపోతుంది.

జీతం దగ్గర కాస్త ఆగు. 14 లక్షలను పన్నెండుతో భాగించి నెలకు లక్షా పదహారు వేలని మీ నాన్నకు చెప్పావట. నేను ఇదే ఊళ్లో పేరోల్ విభాగంలో జీవితమంతా పనిచేసినదాన్ని, విను. బేసిక్ సగం అనుకుందాం, 7 లక్షలు. అందులో 12 శాతం, అంటే 84 వేలు, కంపెనీ కట్టే పీఎఫ్. అది సీటీసీలోనే, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చులోనే ఉంటుంది. గ్రాట్యుటీ, అంటే కొన్నేళ్లు పనిచేసి మానేటప్పుడు ఇచ్చే డబ్బు పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, మరో 33 వేల పైచిలుకు. వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చే భాగం, పది శాతమైతే 1,40,000, అది నెలనెలా రాదు, పూర్తిగా వస్తుందన్న హామీ కూడా ఉండదు. మిగిలినదాంట్లోంచి నీ వాటా పీఎఫ్, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతే నెలకు చేతికి దాదాపు 88 వేలు. ఆదాయపు పన్ను లెక్క వేరే. బేరమాడేటప్పుడు సీటీసీ మీద కాదు, నెలనెలా వచ్చే ఆ మొత్తం మీద మాట్లాడు. వేరియబుల్ తగ్గించి ఫిక్స్‌డ్ పెంచమని అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంకొకటి. నువ్వు చేరి నాలుగేళ్ల తొమ్మిది నెలలైంది కదా. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలి. 4 సంవత్సరాల 240 రోజులు చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఒకటుంది కాని అన్ని కంపెనీలూ దాన్ని పాటించవు, ఆ వాదన నీకెందుకు? నోటీస్ పీరియడ్ కూడా సర్వీసులోకే వస్తుంది. నీది 90 రోజులు. ఇప్పుడు రాజీనామా పెట్టి పూర్తి నోటీసు పనిచేస్తే ఐదేళ్ల అంచుకు చేరతావు, తేదీలు కాగితం మీద వేసి వారం పది రోజులు తక్కువైతే అంత ఆలస్యంగా పెట్టు. చివరి నెల బేసిక్ 40 వేలైతే, దాన్ని 26తో భాగించి, 15తోనూ ఐదేళ్లతోనూ గుణిస్తే లక్షా పదిహేను వేలు వస్తుంది. కొత్త కంపెనీ తొందరపెట్టిందని నోటీసు రోజులకు బదులు డబ్బు కట్టేసి ముందే వెళ్లిపోయి ఈ డబ్బు వదులుకున్న పిల్లల్ని ఎంతమందిని చూశానో. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వాళ్లకు ఆ విషయమే తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ చిన్నాన్న గురించి నీకు చెప్పనిది ఒకటుంది, ఇప్పుడు చెప్పమని వాడే అన్నాడు. 2009లో వాడు కొన్ని నెలలు ఊళ్లోనే ఉండిపోయాడు, గుర్తుందా? కామెర్లని అప్పుడు పిల్లలైన మీకు చెప్పాం. కామెర్లు కావు.

ఎంసీఏ అయ్యాక వాడు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర చిన్న గదిలో ఉంటూ ఒరాకిల్ డేటాబేసు పని నేర్చుకున్నాడు. ఫ్రెషర్ అంటే ఎవరూ పిలవడం లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండేళ్ల అనుభవం ఉన్నట్టు అన్నీ తయారు చేసి ఇచ్చారు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే రిలీవింగ్ లెటర్, ఫోను చేస్తే "అవును, మా దగ్గరే పనిచేశాడు" అని చెప్పే మనిషి. వాటితో 2006లో పేరున్న కంపెనీలోనే చేరాడు. వాడికి పని బాగా వచ్చు. రాత్రుళ్లు డేటాబేసు ఆగిపోతే వాడినే లేపేవారు. అమెరికా పంపుతామని వీసా కాగితాలు కూడా మొదలుపెట్టారు.

2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అమెరికా బ్యాంకుల పని మీద నడిచే ప్రాజెక్టులు ఇక్కడ ఒక్కొక్కటే ఆగిపోయాయి. మనుషుల్ని తగ్గించుకోవాల్సి వచ్చి కంపెనీ పాత ఫైళ్లన్నీ తిరగేసింది. వాడి కాగితాల మీదున్న చిరునామాకు మనిషిని పంపితే అక్కడ జిరాక్స్ షాపు ఉంది. ఒక మధ్యాహ్నం పిలిచి, ల్యాప్‌టాప్, బ్యాడ్జి తీసుకుని, సెక్యూరిటీ మనిషిని తోడిచ్చి గేటు దాకా పంపించారు.

ఉద్యోగం పోవడం కంటే పెద్ద దెబ్బ ఆ తర్వాత తగిలింది. వాళ్లు రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు. అది లేకుండా అక్కడ నిజంగా చేసిన పనిని ఎక్కడా చూపించుకోలేడు. చూపిస్తే కొత్త వాళ్లు ఫోను చేస్తారు, పాత వాళ్లు కారణం చెబుతారు. అబద్ధపు రెండేళ్లతో పాటు, రాత్రుళ్లు మేలుకుని సంపాదించుకున్న నిజమైన ఏళ్లు కూడా కొట్టుకుపోయాయి. తనకంటే చాలా చిన్నవాళ్ల పక్కన కూర్చుని, తానే నేర్పగలిగిన పనిని మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు, ఫ్రెషర్ జీతానికి. కుదిరిన సంబంధం తప్పిపోయింది. మీ తాతయ్యకు చివరిదాకా చెప్పలేదు. ఆయన మాత్రం "అమెరికా ఎప్పుడురా" అని అడుగుతూనే ఉండేవారు, వాడు ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు, పెద్ద టీముకు లీడు. అయినా కంపెనీ మారిన ప్రతిసారీ, వెరిఫికేషన్ పూర్తయిందన్న మెయిలు వచ్చేదాకా వాడికి అన్నం సహించదు.

నాది దొంగ కంపెనీ కాదు, పని పేరు ఒక్కటే మారుస్తున్నానంటావేమో. 2014లో యూఏఎన్, అంటే ఎన్ని కంపెనీలు మారినా మారని ఒకే పీఎఫ్ నంబరు, వచ్చాక ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నావో దాచడం కష్టమైంది, అందుకే ఈ కన్సల్టెంట్లు ఇప్పుడు పని పేరు మార్చడానికి దిగారు. వెరిఫికేషన్ వాళ్లు హోదా, చేసిన పని కూడా అడుగుతారు. మీ మేనేజర్‌కు ఫోను వస్తే ఆమె నీ కోసం అబద్ధం చెప్పాలా? అదీ దాటి చేరావనుకో. రాత్రి రెండు గంటలకు సర్వర్ పడిపోతే ఫోను నీకే వస్తుంది, ఆ కన్సల్టెంటుకు కాదు. ఇంత తెలివైన పిల్లవు, ఇంటర్వ్యూలో నీ నోటితో వేరేవాడి మాటలు పలుకుతానంటే నాకు కోపం రాదా?

నీ అనుభవంలో నిజంగా ఉన్నదేమిటో చూడు. జెంకిన్స్ అనే సాధనంలో టెస్టులు వాటంతటవే నడిచేలా నేనే పెట్టానని సంక్రాంతికి వచ్చినప్పుడు గంటసేపు చెప్పావు, నాకు సగం అర్థం కాలేదు కాని నీ కళ్లు మెరవడం చూశాను. డాకర్ అనే ఇంకో సాధనం కూడా వాడుతున్నానన్నావు. అవే రెజ్యూమెలో పైన రాయి. ఆ 14 లక్షల ఉద్యోగం టెస్టింగ్ ఆటోమేషన్ కదా, దాని పక్క గదే డెవాప్స్. చేరే ముందే అడుగు, ఏడాది తర్వాత ఆ టీములోకి మారే వీలుందా అని.

సర్టిఫికేషన్ల మాట కూడా చెప్పాలి. ఒక్కటి ఎంచుకో, నిజంగా నేర్చుకో. అమెజాన్ వాళ్ల క్లౌడు, ఏడబ్ల్యూఎస్, అసోసియేట్ పరీక్షకు 150 డాలర్లు, మూడేళ్లే చెల్లుతుంది. డంప్స్, అంటే బయటికి పొక్కిన ప్రశ్నలూ జవాబులూ, బట్టీపట్టి పాసైనట్టు బయటపడితే రద్దు చేస్తారు, పడకపోయినా మొదటి ఇంటర్వ్యూలోనే తెలిసిపోతుంది. నీకు ధైర్యముంటే సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్‌లో సీకేఏ పరీక్ష రాయమని చిన్నాన్న అంటున్నాడు. రెండు గంటల పాటు కమాండ్లు కొట్టి పని చేసి చూపించాలట, టిక్కులు పెట్టే పరీక్ష కాదట. అది చేతిలో ఉంటే డెవాప్స్ వాళ్ల ముందు ధైర్యంగా మాట్లాడగలవు.

చివరగా మీ నాన్న సంగతి. స్టెంటు వేసి ఏడాది కాలేదు. నీ కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా నీ చివరి పనిదినంతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రుల్ని కలుపుతుందా, పాత జబ్బుకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అని హెచ్ఆర్‌ను మెయిల్లో అడిగి, జవాబు రాతలో తీసుకో. రెండు ఉద్యోగాల మధ్య వారం సెలవు పెట్టి గోవా వెళ్లాలనుకుంటున్నావట. వెళ్లు, కాని ఆ వారం ఖాళీకి ఏదో ఒక ఏర్పాటు చేసి వెళ్లు.

ఆదివారం ఆ 14 లక్షల ఆఫర్ లెటర్ అచ్చు తీసుకుని ఇంటికి రా. చిన్నాన్న కూడా వస్తానన్నాడు, ముగ్గురం కూర్చుని లైను లైనుగా చదువుదాం. అప్పటిదాకా ఆ కన్సల్టెంటుకు ఆధార్, పాన్, యూఏఎన్ నంబర్లు ఇవ్వకు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రాత్రే నాకు ఫోను చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. తిట్టను.

ఆశీస్సులతో,
అత్త